అపసవ్యపు అల్లిక

ఇందుకూరుపేట,
22-11-1959, ఆదివారం.

తమ్ముడు పద్మనాభయ్యకు అక్క వెంకటశేషమ్మ దీవెనలు.

నాలుగు రోజులుగా వాన. నిన్న సాయంత్రానికి గాలి కాస్త తగ్గింది గాని సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తూనే ఉంది. పొద్దున్నే పొట్ల పందిరికి రెండు కొత్త గుంజలు వేయించాను. మీ బావ కయ్యల్లో నిలిచిన నీళ్ళు తీయడానికి పోయి మధ్యాహ్నం దాకా రాలేదు. నేనూ ప్రమీలా కలిసి వంగ మొదళ్ళకు మట్టి ఎగదోశాం. మన పెరడు సంగతి నీకు తెలుసు. పైన జానెడు మట్టి, కింద అంతా ఇసక. రెండు వానలకే వేళ్ళు బయటపడతాయి.

నీవు హజరత్తయ్య చేత పంపిన బీర విత్తనాలు తడవకుండా అందాయి. వానలు వెనకపట్టగానే దొరువు పక్కన గుంతలు తీసి పెడతాను. ఇసకలో తవ్విన గుంటే అయినా, ఇప్పుడు వంగి కడవ ముంచితే నిండేటన్ని నీళ్ళున్నాయి. విత్తనాలు లావుగా, నల్లగా ఉన్నాయి. కాయ తీగ మీదే ఎండేదాకా ఓపిక పట్టినవాళ్ళెవరో తీసిన విత్తనాలవి.

అవి వచ్చిన తాటాకు బుట్టను ప్రమీల తీసుకుంది. అరచేతిలో పట్టేటంత బుట్ట, బిగుతైన మూత, నడుమ ఎర్ర ఆకు రెండు వరసలు. జడపిన్నులు పెట్టుకుంటానంది. దుమ్ము దులిపి ఇద్దామని తిప్పి చూశాను. ఆకుపాయలు ఎడమకు వాలి ఉన్నాయి. మన వైపు ఎవరు అల్లినా కుడికే వాలుతాయి. మీ చిన్నక్క కామమ్మ పోయిన తర్వాత ఇలాంటి అల్లిక నేను చూడలేదు.

నీవు చిన్నవాడివి, గుర్తుండకపోవచ్చు. అవ్వ దగ్గర నేను పక్కన కూర్చుని బుట్టలు నేర్చుకున్నాను. కామమ్మ ఎదురుగా కూర్చుని నేర్చుకుంది. అవ్వ చెయ్యి ఎటు కదిలితే తన చెయ్యి అటే పోనిచ్చింది. అల్లిక తిరగబడింది. అవ్వ కనిపెట్టేసరికి చెయ్యి అలాగే కుదిరిపోయింది. "ఏందిమే ఈ అపసవ్యం, చావింటి పని మాదిరి" అని ఈనెతో వేళ్ళ మీద కొట్టేది. "గింజలు పోస్తే నిలబడతాయా లేదా, అది చూడవ్వా" అనేది కామమ్మ. ఆ మాటకు నాకు నవ్వొచ్చేది, అవ్వకు ఇంకా కోపమొచ్చేది.

కార్తీకంతో ఆరేళ్ళు నిండాయి ఆమె పడవల కాలవలో పడి. చీర దొరికింది, మనిషి దొరకలేదు. మునెయ్య గడ్డిబొమ్మకు నిప్పు పెట్టి కర్మ చేశాడు. ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అనుకుని ఏం లాభం.

ఆ బుట్ట ఎక్కడ కొన్నావు? ఊరికే తెలుసుకుందామని. ప్రమీలకు అల్లూరు నుంచి ఒక సంబంధం మాట వచ్చింది. ఏదీ తేలలేదు.

వెంకటశేషమ్మ

గూడూరు,
9-12-1959.

అక్కకు నమస్కారం.

ఇక్కడ వానలు ఆగాయి. పొద్దున పొగమంచు పడుతోంది. బడి వెనక పిల్లల చేత బెండ వేయించాను. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదు అప్పగిస్తే, ఎవరి పాదుకు వాళ్ళు రోజుకు మూడుసార్లు నీళ్ళు పోసి సగం మొక్కలు కుళ్ళబెట్టారు. హెడ్మాస్టరు చూసి, "ఇది వ్యవసాయమా, స్నానాల రేవా" అన్నాడు.

బుట్ట స్టేషను రోడ్డులో కూర్చునే ఒక ఆడమనిషి దగ్గర కొన్నాను. విత్తనాలూ ఆమెవే. పెట్టే పద్ధతి చెప్పింది, రాస్తున్నాను. గుంతకు మూడు గింజలు, నిలువుగా కాదు, పడుకోబెట్టాలి. తీగ రెండు మూరలు పాకగానే కొన తుంచాలి. తుంచడానికి మనసొప్పదు గాని తుంచితేనే పక్క తీగలొచ్చి కాస్తుందట. ఆకు మీద పురుగు కనిపిస్తే ఎండ రాకముందే, మంచు తడి మీద బూడిద చల్లాలట.

ఈసారి కాకర విత్తనాలు పంపుతున్నాను. అవీ ఆమెవే, బుట్టా ఆమెదే.

చిన్నక్క గురించి నీవు రాయడం ఆరేళ్ళలో ఇదే మొదలు. మీ ఇంట్లో ఆమె పేరు ఎవరైనా తలుస్తారా? మునెయ్య కొడవలూరు నుంచి మీ ఇంటికి వస్తూ పోతూ ఉంటాడా? ఊరికే అడుగుతున్నాను.

బావకు నా నమస్కారం చెప్పు.

పద్మనాభం

ఇందుకూరుపేట,
24-1-1960.

తమ్ముడికి అక్క దీవెనలు.

మంచు బాగా పడుతోంది. మినుము పీకుతున్నారు. నడుములు ఎత్తలేక పోతున్నాం. నిన్న మధ్యాహ్నం కూలివాళ్ళకు అన్నం పంపి, పెరట్లో కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆపాను. ఇవాళ రాస్తున్నాను.

బీర మొలిచింది. పెట్టిన గింజల్లో ఒక్కటీ వృథా పోలేదు. ఆమె చెప్పినట్టే కొనలు తుంచాను. తుంచిన చోట రెండు తీగలు వచ్చాయి. పొద్దున లేవగానే ముందు అటే పోతున్నాను. నులితీగ రాత్రికి రాత్రి ఏ పుల్లను పట్టుకుందో చూడటం ఒక సరదా అయింది. మీ బావ, "మొగుడికి కాఫీ లేదు గాని బీరపాదుకు పలకరింపులా" అంటాడు.

కాకర విత్తనాల బుట్ట కూడా అందింది. మొదటి బుట్ట పక్కన పెట్టి చూశాను. అదే చెయ్యి, పద్మనాభం. ఎడమకు వాలడం ఒక్కటే అయితే ఎవరో అనుకుందును. మూత అంచు దగ్గర రెండు పాయలు దాటించి మూడోది మడిచింది. అలా మడవడం కామమ్మ సొంతంగా కనిపెట్టుకున్నది. నాకు నేర్పబోతే వద్దన్నాను. ఈ బుట్ట మాత్రం మొదటిదానంత నున్నగా లేదు. పాయలు వెడల్పుగా ఉన్నాయి. ఆకు చివర్ల పంటిగాట్లు ఉన్నాయి. కామమ్మ ఎన్నడూ ఆకును నోట పెట్టలేదు.

మీ బావ ఎద్దుల కోసం గూడూరు వచ్చినప్పుడు స్టేషను రోడ్డు ఆ కొస నుంచి ఈ కొస దాకా అడిగాడట. "తాటాకు బుట్టలా? ఈడ ఎవురూ అమ్మరే" అన్నారట. నీ బడికి వస్తే ఆదివారమని మూసి ఉందట. ఇంటికి వచ్చి నన్నే ఎగతాళి చేశాడు. "మీ తమ్ముడు ఏ దయ్యం కాడ కొన్నాడో" అన్నాడు. ఆయన నవ్వులాటకు అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను. ఆమె పోయిన రోజు మధ్యాహ్నం మా వాకిట్లోకి వచ్చింది. చంకలో మూట ఉంది. "అక్కా, పది దినాలు ఈడ ఉంటా" అంది. అత్తతో పోట్లాడి వచ్చిందనుకున్నాను. అప్పటికే రెండుసార్లు అలా వచ్చింది. "మూట దించబాక. పొద్దు గూకేలోగా కొడవలూరికి పో. నీకు దినమూ ఇదే పనా" అన్నాను. మంచినీళ్ళు తాగమని కూడా అనలేదు. ఆమె కొంగులో చెయ్యి చుట్టుకుని కాసేపు నిలబడి, చిక్కుడు పందిరి చూసి, "నీళ్ళు ఎక్కువ పోస్తుండావక్కా" అని వెళ్ళిపోయింది. మర్నాడు చీర దొరికింది.

ఈ మధ్య మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాటాకు చీల్చే చప్పుడు వినిపిస్తోంది. పెరట్లోకి పోతే ఆగిపోతుంది. నిజం చెప్పు. ఆ బుట్టలు నీకు ఎవరిచ్చారు?

వెంకటశేషమ్మ

గూడూరు,
7-2-1960.

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం చదివాను. ఆ బుట్టలమ్మే ఆమె ఒకచోట కూర్చోదు. సంతలు తిరుగుతుంది. బావకు కనపడకపోవడంలో వింత లేదు. పైకప్పు ఆకు ఎండకు విచ్చుకున్నా చీల్చినట్టే చప్పుడవుతుంది. చచ్చినవాళ్ళు విత్తనాలు తీసి పంపరు.

భయపడి ఎవరినీ పిలిపించవద్దు. ముఖ్యంగా ఆ భూతవైద్యం చేసే పోలేరయ్యను ఇంట్లోకి రానివ్వవద్దు. వేసవి సెలవుల్లో వచ్చి నీతో ఒక సంగతి మాట్లాడాలి. ఉత్తరంలో రాసేది కాదు. అంతదాకా ఓపిక పట్టు.

నా బెండ పాదుల్లో బతికినవి తొమ్మిది. మొదటి కాయల్ని పిల్లలు పచ్చివే తినేశారు.

బీర పూసిందా? పసుపు పూలు సాయంకాలం విచ్చుకునేటప్పుడు చూశావా? ఆ వేళకు పందిరి దగ్గర కూర్చుంటే ఒక్కొక్కటే విచ్చుకోవడం కనిపిస్తుందని ఆమె చెప్పింది. అది నీకు రాయమని కూడా చెప్పింది.

పద్మనాభం

ఇందుకూరుపేట,
17-4-1960, ఆదివారం.

తమ్ముడికి అక్క దీవెనలు.

ఎండలు ముదిరాయి. దొరువులో నీళ్ళు అడుగంటి, కడవ నిండాలంటే చెంబుతో తోడి పోయాలి. పొద్దున ఇరవై కడవలు, సాయంకాలం ఇరవై. బీర మాత్రం ఎండను లెక్కచేయకుండా కాస్తోంది. నాలుగిళ్ళకు పంచుతున్నాను. పక్కింటి మాలకొండమ్మ, "ఏం మందు పెట్టినావక్కా, బీరకాయ కాదు, వెన్న" అంది. పూలు విచ్చుకోవడం చూశాను. నీవు రాసింది నిజమే.

మూడో బుట్ట బస్సు డ్రైవరు తెచ్చిచ్చాడు. అందులో గోంగూర విత్తనాలు. ఆ బుట్టను ఏమని రాయాలి. పాయలు రెండు వేళ్ళ వెడల్పు ఉన్నాయి. ముళ్ళు పిడికిలితో బిగించినట్టున్నాయి. మూత కూర్చోదు. అంచంతా పంటిగాట్లే. అల్లిక మాత్రం అదే, ఎడమకు. మూడూ వరసగా పెట్టి చూస్తే, అల్లే మనిషి కొద్దికొద్దిగా కరిగిపోతున్నట్టు అనిపించింది. నీళ్ళలో నానిన చేతులు ఎలా ఉంటాయో తలుచుకున్నాను.

ఆ బుట్ట వచ్చిన రోజే ప్రమీలకు జ్వరం తగిలింది. ఐదు రోజులు కన్ను తెరవలేదు. అల్లూరువాళ్ళు పిల్లను చూడటానికి వచ్చే వారం అది. నీవు వద్దన్నావు గాని పోలేరయ్యను పిలిపించాను. నీవు వస్తానని, సంగతేదో చెబుతానని అన్నావు. ఇంకా నెల ఉంది సెలవులకు. పిల్ల పలవరిస్తుంటే నెల ఆగగలనా?

ఆయన బుట్టలు చూడగానే, "ఇది అపసవ్యం. ఇది ఇంటి సొత్తు కాదు, కాటి సొత్తు" అన్నాడు. మూడు బుట్టలూ కాలవ గట్టుకు పట్టుకుపోయాం. నేను, మీ బావ, ఆయన. ఆమె చీర దొరికిన చోట బుట్టల్లో పసుపన్నం పెట్టించాడు. తోడబుట్టినవాళ్ళలో పెద్దది చెబితేనే పోతుందన్నాడు. ఆయన చెప్పినట్టు మూడుసార్లు అన్నాను. "కామమ్మా, నీకూ మాకూ చెల్లు. మా పిల్లల జోలికి రాబాక. మా వాకిలి తొక్కబాక." మూడోసారి గొణిగినట్టు అన్నాను. "గట్టిగా అనమ్మా, వినపడాల" అన్నాడు. గట్టిగానే అన్నాను. బుట్టలు నీళ్ళలో వదిలాడు. మూడోది వెంటనే మునగలేదు. చాలాసేపు అక్కడక్కడే తిరిగింది.

వచ్చేటప్పుడు వెనక్కి చూడవద్దన్నాడు. నేను చూడలేదు. మీ బావ చూశాడట. ఏముందని అడిగితే, "ఏముంటాది, కాలవ ఉండాది" అన్నాడు.

ప్రమీలకు రెండో రోజుకే జ్వరం దిగింది. అల్లూరువాళ్ళు చూసి వెళ్ళారు, నచ్చిందన్నారు. మధ్యాహ్నం చప్పుడు కూడా ఆగిపోయింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

ఇకమీద ఆమె దగ్గర ఏమీ కొనకు. గోంగూర విత్తనాలు మాత్రం పారేయలేకపోయాను. చల్లాను.

వెంకటశేషమ్మ

గూడూరు,
1-5-1960.

అక్కకు నమస్కారం.

ముందు ఒక్క మాట. చిన్నక్క బతికే ఉంది. కాలవలో పడలేదు. ఆ బుట్టలు అల్లింది ఆమే, ఆ విత్తనాలు తీసింది ఆమే. స్టేషను రోడ్డులో ఎవరూ లేరు. నేను అబద్ధం రాశాను.

ఆ రోజు ఆమె మీ వాకిట్లోకి వచ్చింది అత్తతో పోట్లాడి కాదు. నీకు చెయ్యి చూపించడానికి. ముందు రోజు పొయ్యి మీది కుండ దించితే అరచెయ్యి బొబ్బలెక్కిందట. కాలినట్టు మాత్రం తెలియలేదట. మణికట్టు కింద పాలిపోయిన మచ్చ ఉంది. అది ఏమిటో ఆమెకు అప్పటికే అనుమానం. నీవు మూట దించనివ్వలేదు. కాలవ గట్టున చీర వదిలి, మూటలోని చీర కట్టుకుని, నెల్లూరులో నేను ట్రెయినింగు చదువుతున్న గదికి నడిచి వచ్చింది. డాక్టరు కుష్ఠు అన్నాడు. మన ఇళ్ళలో గొంతు తగ్గించి పెద్దరోగం అంటామే, అది. "చచ్చిపోయిందనే అనుకోనీరా. ఈ పేరు బయటికొస్తే అక్క పిల్లని ఎవురు చేసుకుంటారు" అని అమ్మ మీద ఒట్టు పెట్టించుకుంది. ఇక్కడికి మూడు మైళ్ళలో ఉన్న మిషను ఆసుపత్రిలో చేర్పించాను. నేను ఏరికోరి గూడూరులో ఉద్యోగం వేయించుకున్నది అందుకే.

ఆడవాళ్ళ వార్డు వెనక చిన్న పెరడు ఉంది. చిన్నక్క, పాకల ఊరి వైపు నుంచి వచ్చిన ఎస్తేరమ్మ అనే ఆమె కలిసి సాగు చేస్తారు. బీరపూలు విచ్చుకునే వేళకు ఇద్దరూ పీటలు వేసుకుని కూర్చుంటారు. మొదట పూసిన తీగ ఎవరిదని పోట్లాడుకుంటారు. కాసిన కాయలన్నీ వార్డు వంటకే పోతాయి. నేను ఆమెను చూసినవాటిలో మంచి వేళలు అవే.

మందు రోగాన్ని ఆపింది గాని పోయిన స్పర్శను తేలేదు. ఎడమచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. ఈ ఏడాదిలో కుడిచేతివి కూడా. అందుకే ఆకును పళ్ళతో పట్టి లాగుతుంది. నీవు రాసినట్టు కరిగిపోయింది నిజమే. నీళ్ళలో కాదు.

బుట్టలు పంపడం ఆమె ఆలోచన. "అక్కకి నా అల్లిక తెలస్తాది. తెలిసి నా సంగతి అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పబాక" అంది. నీవు అడిగావు. అయితే దయ్యం అనుకుని అడిగావు. చెప్పాలో వద్దో తేల్చుకోలేక సెలవుల దాకా సాగదీశాను. అది నా తప్పు.

ఇంకో తప్పు కూడా చేశాను. నీ ఉత్తరాలు ఆదివారం ఆమెకు చదివి వినిపిస్తాను. పెరటి సంగతులు రెండేసి సార్లు చదివించుకుంటుంది. తనను పొమ్మన్న రోజు గురించి నీవు రాసింది కూడా విని, "నేను పందిరి చూసిన సంగతి దానికి గుర్తుండాదే" అంది. ఈసారి ఉత్తరం విప్పకుండానే పట్టుకుపోయాను. బీరకాయ వెన్నలా ఉందన్న చోట నవ్వి ఎస్తేరమ్మను పిలిచింది. చదువుతూ పోయి కాలవ గట్టు దగ్గర ఆగాను.

"ఆగినావేం, చదువు" అంది.

చదివాను. "ఇది నిన్ను కాదు చిన్నక్కా, దయ్యాన్ని అనింది" అన్నాను.

"ఆ బుట్టలల్లింది నేనే గదరా. ఇంకెవుర్ని పంపించింది" అంది. ప్రమీలకు జ్వరం మళ్ళీ రాలేదు కదా అని అడిగింది.

ఇప్పుడు ఆమెకు రోగం లేదు, అంటదు అని డాక్టరు కాగితం ఇచ్చాడు. ఆగస్టులోగా మంచం ఖాళీ చేయాలి. మీ మరదలు తన వల్ల కాదంది. నేను గట్టిగా అడగలేదు. విశాఖపట్నం అవతల కొత్తగా కడుతున్న ఆసుపత్రిలో తోటపనికి, నయమైన ఆడవాళ్ళను అడుగుతున్నారు. ఎస్తేరమ్మ పోతోంది. నీవు రమ్మంటే చిన్నక్క మీ ఇంటికి వస్తుంది. లేకపోతే అక్కడికి పోతుంది. అంత దూరం పోతే ఇక చూసుకోవడం ఉండదు.

నీ జవాబు చూసి ఆమెకు చెబుతాను.

పద్మనాభం

ఇందుకూరుపేట,
26-6-1960.

తమ్ముడికి అక్క దీవెనలు.

గాడ్పు కొడుతోంది. దొరువు ఎండిపోతే ఇంకో రెండు మూరలు తవ్వించాం. పొద్దున ఊట కోసం కూర్చుని ఒక కడవ నింపేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బీర అయిపోయింది. రెండు కాయలు విత్తనానికి తీగ మీదే ఉంచాను. గోంగూర నడుము ఎత్తు పెరిగింది.

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు నన్ను ఏమన్నా అను. నాలుగుసార్లు రాసి చింపాను. నీ ఉత్తరం వచ్చిన రోజున నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? చేతులు కడుక్కున్నాను. తర్వాత ఏడ్చాను. ఆ వరసలోనే జరిగింది.

ఫిబ్రవరి నుంచీ ఆ కాయలు తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. డాక్టరు అంటదన్నాడని నీవు రాశావు. అయినా మాలకొండమ్మకు కాయ ఇవ్వబోతే చెయ్యి ఆగిపోయింది. "ఏమక్కా, మా మీద కోపమా" అని అడుగుతోంది. ఏం చెప్పను?

మీ బావకు చెప్పాను. రెండు రోజులు కయ్యల్లోనే పొద్దు గడిపాడు. తర్వాత ఒక్కటే అన్నాడు. "బతికిందని ఊరికి చెప్తే మునెయ్య రెండో పెండ్లాం ఏమైతాది? ఆ పిల్లలు ఎవురి పిల్లలు? కర్మ చేయించినోళ్ళల్లో మనమూ నిలబడినాం గదా." ఆయన మాట కాదనలేను. ప్రమీల ముహూర్తం శ్రావణంలో పెట్టుకున్నారు. అల్లూరువాళ్ళకు ఈ రోగం పేరు వినపడితే పెళ్ళి ఆగుతుంది.

అయినా రానీ. నేను వద్దనలేను. ఒకసారి అన్నాను, చాలు. పెళ్ళి జరిగిన వారానికి తీసుకురా. కాని కామమ్మగా వద్దు. పెరటి చివర పశువులు లేని కొట్టం ఉంది. అది అలికించి, కొత్త తడిక కట్టిస్తాను. పాకల నుంచి తోటపనికి వచ్చిన మనిషి అని చెబుతాం. రెబెక్కమ్మ అని పేరు చెబుదాం. చేతులు ఎందుకలా ఉన్నాయంటే నిప్పుల్లో పడిందని చెబుదాం. ఊళ్ళో ఆమెను చూసినవాళ్ళు చాలామంది పోయారు. ఆరేళ్ళలో ముఖం కూడా మారి ఉంటుంది. మునెయ్య వచ్చినప్పుడు కొట్టంలోనే ఉండాలి. గిన్నె, కంచం, చాప అన్నీ వేరుగా కొత్తవి పెడతాను. అన్నం నేనే పట్టుకుపోతాను. నలుగురిలో నన్ను అక్కా అనకూడదు, అమ్మా అనాలి. ప్రమీలకు కూడా చెప్పను.

ఇది రాస్తుంటే నాకే ఎలాగో ఉంది. కాని ఇంతకన్నా మార్గం కనపడలేదు. ఆమెకు మెల్లగా చెప్పు. పెరడు మొత్తం ఆమె ఇష్టం, నేను అడ్డం రానని చెప్పు. చిక్కుడు గింజలు పెట్టకుండా ఆపాను, ఆమె వచ్చి పెడుతుందని. నీళ్ళు ఎంత పోయాలో ఆమే చెప్పాలి.

వెంకటశేషమ్మ

గూడూరు,
10-8-1960, బుధవారం.

అక్కకు నమస్కారం.

ఇక్కడ రెండు వానలు పడ్డాయి. బడి వెనక పాదులు మళ్ళీ తవ్విస్తున్నాను.

నీ ఉత్తరం నాకు అందిన వారమే ఆమెకు చదివి వినిపించాను. ఏదీ దాచలేదు. ఎస్తేరమ్మ కూడా పక్కనే ఉంది. రెబెక్కమ్మ అన్న చోట చిన్నక్క ఎస్తేరమ్మ వైపు చూసి, "చూసినావామే, కూర్చున్నచోటే నన్ను మీ గుళ్ళో కలిపేసింది మా అక్క" అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. కొట్టం ఏ వైపు ఉందని అడిగింది. దొరువు వైపు అని చెప్పాను. అది మంచి చోటే అంది. చిక్కుడు ఆగిందన్న వాక్యం రెండుసార్లు చదివించుకుంది.

నాలుగు వారాలు ఏమీ తేల్చలేదు. నేను అడిగినప్పుడల్లా, "అది అంత దూరం వచ్చింది, నేనూ ఆలోచించుకోవాల గదా" అనేది. కిందటి నెల చివరి ఆదివారం పోయినప్పుడు నన్ను ఒక మాట అడిగింది. "ఎవురూ లేనప్పుడు, నేనూ అదీ ఇద్దరమే ఉన్నప్పుడు, అక్కా అనొచ్చునంటనా?"

నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అందులో ఆ సంగతి లేదు. నీకు రాసి కనుక్కుంటాను, పది రోజులు ఆగమన్నాను.

"రాయబాక. అది అనుమంటాది, పాపం. తర్వాత ఎవురన్నా విన్నారేమో అని గోడ అవతలికి చూస్తా కూర్చుంటాది. నేనూ చూస్తా కూర్చోవాల" అంది. అందుకే రాయలేదు.

నీ మీద కోపం లేదని చెప్పమంది. ప్రమీల పెళ్ళి అయ్యేదాకా ఈ ఉత్తరం వేయవద్దంది గాని, నీవు కొట్టం అలికిస్తూ ఉంటావని వేస్తున్నాను. పెళ్ళికి నేనూ మీ మరదలూ పదహారో తేదీకి వస్తాం.

చిన్నక్క, ఎస్తేరమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు మొన్న సోమవారం, ఎనిమిదో తేదీ, ఉదయం ఏడున్నర పాసింజరులో వెళ్ళిపోయారు.

పద్మనాభం